విన్యెట్: పుస్తకం అంచు నుంచి కారు అద్దం దాకా
(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ఈ నెల శీర్షిక మొత్తం ఒకే మాట మీద. విన్యెట్ గురించి ఫొటోలు తీసేవాళ్లు, కథలు రాసేవాళ్లు, పరిశోధక విద్యార్థులు, విదేశీ ప్రయాణానికి సిద్ధమవుతున్నవాళ్లు విడివిడిగా అడిగారు. ఆయా రంగాల్లో పనిచేసేవారి చేత జవాబులు రాయించాం.

ప్రశ్న: నిఘంటువులో విన్యెట్‌కి ఒకచోట చిన్న బొమ్మ అనీ, ఒకచోట చిన్న రచన అనీ, ఇంకోచోట ఫొటో మూలల్లో చీకటి అనీ అర్థాలున్నాయి. వీటికి సంబంధం ఏమిటి? దీన్ని ఎలా పలకాలి?

జవాబు: విన్యెట్ అనే పలకాలి. ఇంగ్లీషు స్పెల్లింగులో జి అక్షరం ఉంటుంది కాని నోట్లో పలకదు, విగ్నెట్ తప్పు.

ఫ్రెంచిలో ద్రాక్షతీగకున్న పేరు మీద పుట్టిన మాట ఇది. చిట్టి ద్రాక్షతీగ అని అర్థం. చేతిరాత పుస్తకాల అంచుల్లోను, తర్వాత అచ్చు పుస్తకాల ముఖపత్రాల్లోను ఆకులు, నులితీగలతో వేసిన అలంకరణను ఇలా పిలిచేవారు. కాలక్రమంలో తీగ పోయి, అధ్యాయం మొదట్లోనో చివర్లోనో ఖాళీ జాగాలో వేసే చిన్న బొమ్మకు ఆ పేరు దక్కింది. ఆ బొమ్మకు చుట్టూ గీత ఉండదు. అంచుల్లో పలచబడుతూ కాగితంలో కలిసిపోతుంది.

ఈ పనిలో పేరెన్నికగన్నవాడు ఇంగ్లండులోని న్యూకాజిల్‌కు చెందిన థామస్ బ్యూయిక్ (1753–1828). 1790లో వచ్చిన జంతువుల గ్రంథంలోను, 1797లో, 1804లో రెండు సంపుటాలుగా వచ్చిన పక్షుల గ్రంథంలోను అధ్యాయాల చివర ఆయన చెక్కిన చిన్న బొమ్మలున్నాయి. గట్టి బాక్స్‌వుడ్ కర్రను అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద సన్నటి ఉలితో చెక్కేవాడు. తేలిగ్గా కనిపించాల్సిన చోట దిమ్మె ఉపరితలాన్ని కాస్త తగ్గించేవాడు. అచ్చుయంత్రం ఒత్తిడి అక్కడ తక్కువగా పడి సిరా పలచగా దిగేది. అంచులు కరిగిపోయినట్టు కనిపించడం వెనకున్న పనితనం ఇదే.

19వ శతాబ్దపు ఫొటో స్టూడియోలు ఇదే రూపాన్ని మనుషుల ముఖాల ఫొటోలకు వాడుకున్నాయి. అందులో అంచులు తెలుపులోకి కరిగేవి. ఇవాళ మనం చీకటి మూలల్ని కూడా అదే పేరుతో పిలుస్తున్నాం. రచన విషయంలోనూ దారి ఇదే: చట్రం లేని చిన్న బొమ్మ లాంటి రాత. ఫ్రెంచి, స్పానిష్ చదివేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ భాషల్లో కామిక్ పుస్తకంలోని ఒక్కో గడిని కూడా ఈ మాటతోనే అంటారు. ఇటాలియన్‌లో విన్యెత్తా అంటే చాలాసార్లు కార్టూనే.

ప్రశ్న: నా వైడ్ లెన్స్‌తో తీసిన ఫొటోల్లో నాలుగు మూలలూ నల్లగా వస్తున్నాయి. లెన్స్ పాడైందా?

జవాబు: చాలావరకు కాదు. మూలలు నల్లబడటానికి నాలుగు కారణాలున్నాయి. ఏది మీదో తేల్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌లో సరిదిద్దడం మొదలుపెట్టకండి.

మొదటిది అడ్డు. మందపాటి ఫిల్టర్, ఒకదానిమీద ఒకటి బిగించిన రెండు ఫిల్టర్లు, వేరే లెన్స్‌కి చెందిన హుడ్ (లెన్స్ ముందు తగిలించే తొడుగు), వంకరగా తిప్పిన హుడ్ మూలల్లో వెలుతురును భౌతికంగా ఆపేస్తాయి. రెండోది లెన్స్ కట్టుబడి. పక్కనుంచి వచ్చే కిరణాల్లో కొన్నిటిని లెన్స్ గొట్టమూ ముందువెనక గాజు అంచులూ కత్తిరిస్తాయి. అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచినప్పుడు ఇది ఎక్కువ. వెనక మసకగా కనిపించే దీపాలు మధ్యలో గుండ్రంగా, మూలల్లో పిల్లికన్నులా కోలగా వస్తున్నాయంటే కారణం ఇదే. మూడోది ప్రకృతి సిద్ధమైనది. సాధారణ లెన్స్‌లో ఫ్రేము అంచుకు చేరే వెలుతురు కోణం పెరిగేకొద్దీ కొసైన్ నాలుగో ఘాతం లెక్కన తగ్గుతుంది. మధ్యలో నూరు పాళ్లు వెలుతురు పడితే 30 డిగ్రీల దగ్గర 56 పాళ్లు, 45 డిగ్రీల దగ్గర 25 పాళ్లే పడతాయి. 25 పాళ్లంటే రెండు స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకూ వెలుతురు సగమవుతుంది). ఇవాళ్టి వైడ్ లెన్సుల్ని ఈ నష్టం తగ్గేలా రూపొందిస్తారు కాని పూర్తిగా పోదు. నాలుగోది సెన్సర్. ఏటవాలుగా వచ్చిన కిరణాన్ని పిక్సెల్ పూర్తిగా పట్టుకోలేదు.

పరీక్ష ఇలా చేయండి. సమానంగా మబ్బు పట్టిన ఆకాశాన్నో, లెన్స్ ముందు పెట్టిన తెల్లని అక్రిలిక్ పలకనో తీయాలి. గోడ వద్దు, దాని మీద వెలుతురు మీరనుకున్నంత సమానంగా ఉండదు. ఫోకస్‌ను చేత్తో అనంతానికి పెట్టండి. ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో ఉండాలి. మూలల చీకటిని కెమెరాయే సరిదిద్దే షేడింగ్ సవరణను ఆపేయండి. హుడ్, ఫిల్టర్ తీసేసి పూర్తిగా తెరిచిన అపెర్చర్‌తో మొదలుపెట్టి ఎఫ్/11 దాకా ఒక్కో స్టాపుకూ ఒక్కో ఫొటో తీయండి. అపెర్చర్ మూసేకొద్దీ షట్టర్ సమయం అంతే పెంచుతూ పోవాలి, ఫ్రేము మధ్యభాగం ప్రతిసారీ ఒకే బూడిద రంగులో రావాలి. తర్వాత హుడ్, ఫిల్టర్ పెట్టి అన్నీ మళ్లీ తీయండి.

రెండు మూడు స్టాపులు మూసేసరికి మూలలు తేటపడితే అది లెన్స్ కట్టుబడి వల్ల వచ్చింది. ఎంత మూసినా కొంచెం మిగిలితే అది కోణం, సెన్సర్ల ప్రభావం. ఫిల్టర్ పెట్టినప్పుడే వచ్చి, అపెర్చర్ మూసేకొద్దీ పోకపోగా అంచు ఇంకా పదునుగా తేలితే అది అడ్డే. అప్పుడు సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దు, పలచని ఫిల్టర్ కొనండి. పూర్తి నలుపులో వివరం ఉండదు కనుక ఏ స్లైడరూ దాన్ని వెనక్కి తేలేదు.

మిగతా రకాలకు రా ఫైలు (కెమెరా మార్పులు చేయకుండా దాచిన అసలు ఫైలు) తెరిచే సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ ప్రొఫైల్ సవరణ చాలు. దానికీ ఒక ధర ఉంది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 1600లో తీసిన ఫొటోలో మూలల్ని రెండు స్టాపులు పైకి లేపితే అక్కడి నాయిస్ (గరుకు చుక్కలు) ఐఎస్ఓ 6400 ఫొటోలో ఉన్నట్టు కనిపిస్తుంది. రాత్రి ఆకాశం తీసేవారికి ఇది బాగా తెలుసు. పనోరమాకైతే ముందు సవరణ చేసి తర్వాత కలపాలి. అలా చేయకపోతే ఆకాశంలో అతుకు అతుకుకూ నిలువుగా నీడ చార పడుతుంది.

ప్రశ్న: ఎడిటింగ్‌లో విన్యెట్ కావాలనే చేరుస్తారు కదా, ఎంత పెట్టాలి?

జవాబు: లెన్స్ తెచ్చిన చీకటిని ముందు తీసేయండి. మీకు కావలసింది తర్వాత చేర్చండి. ఒకదానిమీద ఒకటి పడితే ఎంత ఉందో మీకే తెలియదు. క్రాప్ పూర్తయ్యాక వేసే రకాన్నే వాడండి. మొదటి ఫ్రేముకు వేసిన విన్యెట్ క్రాప్ చేశాక ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అవుతుంది.

మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా ఉండే స్లైడర్‌లో మైనస్ 10 నుంచి 20 మధ్య చాలు. నీడ అంచును మెత్తబరిచే ఫెదర్ 70 పైన పెట్టండి. తక్కువ పెడితే నీడ కోడిగుడ్డు ఆకారంలో గీత గీసినట్టు కనిపిస్తుంది. ఫొటోను బొటనవేలంత చేసి చూడండి. మనిషి కన్నా ముందు మూలలు కంటపడితే ఎక్కువైనట్టే. మూలలో తెల్లచొక్కానో కిటికీనో ఉంటే అది బూడిద పూసినట్టు మురికిగా మారుతుంది. హైలైట్లను కాపాడే స్లైడర్ ఉన్నది ఇందుకే. మనిషి ఫ్రేములో ఒక పక్కన ఉంటే అసలు విన్యెట్టే వద్దు. అది ఫ్రేము మధ్యను చూసుకుంటుంది గాని మనిషిని కాదు. గుండ్రటి మాస్క్‌ను మనిషి మీద పెట్టి బయటిభాగాన్ని మూడో వంతు స్టాపు తగ్గించండి.

నీలాకాశంలో మెట్లుమెట్లుగా చారలు వస్తున్నాయంటే బహుశా మీరు 8 బిట్ జేపెగ్ మీద పనిచేస్తున్నారు. రా ఫైలునో 16 బిట్ ఫైలునో తీసుకుని మళ్లీ చేయండి. చివర్లో కాస్త గ్రెయిన్ కలిపినా చారలు చెదిరిపోతాయి.

పాతకాలపు తెల్లంచు ముఖం ఫొటో డార్క్‌రూమ్‌లో కావాలంటే పద్ధతి చాలా తేలిక. నల్ల అట్టలో మీకు కావలసిన బొమ్మ కన్నా చిన్నదిగా కోల రంధ్రం కోసి, అంచును రంపపు పళ్లలా కత్తిరించండి. దాన్ని ఎన్‌లార్జర్ లెన్స్‌కీ కాగితానికీ మధ్య పట్టుకుని, ఎక్స్‌పోజర్ జరుగుతున్నంతసేపూ కొద్దిగా పైకీ కిందకీ కదుపుతూ ఉండండి. చెయ్యి ఆగితే రంధ్రం ఆకారం కాగితం మీద దిగిపోతుంది.

ప్రశ్న: ల్యాబ్‌లో మైక్రోస్కోప్ చిత్రాల అంచులు నల్లగా ఉన్నాయి. ఫొటోషాప్‌లో సరిచేస్తే పరవాలేదా?

జవాబు: కొలతలు తీసే చిత్రమైతే అంచనాతో సరిచేయకూడదు. ముందు కండెన్సర్ (స్లైడ్ మీదికి వెలుతురును కూర్చే కటకం) ఎత్తు, కేంద్రం సరిచూడండి. దీపం దగ్గర వెలుతురు వెడల్పును అదుపుచేసే ఫీల్డ్ డయాఫ్రమ్ మూసి, దాని అంచు పదునుగా కనిపించే దాకా కండెన్సర్‌ను కదిపి, మధ్యకు తెచ్చి, దృశ్యం అంచు దాటేంతవరకు తెరవాలి. చాలాసార్లు సమస్య ఇక్కడే తీరుతుంది. మిగిలిన నీడకు, స్లైడ్‌లో ఖాళీ భాగాన్ని అదే ఆబ్జెక్టివ్, అదే అమరికతో తీసి ఫ్లాట్‌గా వాడండి. వెలుతురు పూర్తిగా ఆపి డార్క్ ఒకటి తీయండి. చిత్రం, ఫ్లాట్ రెండిటినుంచీ డార్క్‌ను తీసేసి, చిత్రాన్ని ఫ్లాట్‌తో భాగించి, ఫ్లాట్ సగటుతో గుణించాలి. టెలిస్కోపు ఫొటోలకూ ఇదే లెక్క. ఆబ్జెక్టివ్ మారితే పాత ఫ్లాట్ పనికిరాదు.

ప్రశ్న: నేను రాసిన చిన్న రచనను ‘ఇది కథ కాదు, విన్యెట్’ అని తిప్పి పంపారు. కథకీ దీనికీ తేడా ఏమిటి? మన గల్పిక, విన్యెట్ ఒకటేనా?

జవాబు: కథలో ఏదో ఒకటి మారుతుంది. ఒక పాత్ర ఏదో కోరుకుంటుంది, అడ్డు వస్తుంది, చివరికి దొరుకుతుంది లేదా చేజారుతుంది. విన్యెట్‌లో మార్పు ఉండనక్కర్లేదు. ఒక మనిషినో, చోటునో, క్షణాన్నో దగ్గరగా చూపించి ఆగిపోతుంది. అది సగంలో ఆగిన కథ అనుకుంటే పొరపాటు. సగంలో ఆగిన కథ చదివితే ‘తర్వాత ఏమైంది’ అని అడుగుతాం. మంచి విన్యెట్ చదివితే ఆ ప్రశ్న రాదు, ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది. మీ రచనను తిప్పి పంపిన సంపాదకులు దాన్ని తక్కువ చేశారని అనుకోకండి. అది వేరే శీర్షికకు వెళ్లాల్సిన రచన.

గల్పిక దీనికి చుట్టమే కాని ఒకటి కాదు. కొడవటిగంటి కుటుంబరావు వంటివారి చేతిలో గల్పికకు ఒక వాదన, ఒక వ్యంగ్యం వెన్నెముకగా ఉంటుంది. రచయిత ఏదో నిరూపించదలచుకుంటాడు. విన్యెట్ దేన్నీ నిరూపించదు. ముచ్చటకూ చివర్లో మెరుపు కావాలి, విన్యెట్‌కి అదీ అక్కర్లేదు.

పొడవుకు చట్టం లేదు. 150 నుంచి 800 మాటల మధ్య రాయండి. వెయ్యి దాటితే పాఠకుడు కథ కోసం చూడటం మొదలుపెడతాడు. ఒకే చోటు, ఒకే సమయం, ఇద్దరికి మించని మనుషులు. ముందుగా ఒక పనిని ఎంచుకోండి, భావాన్ని కాదు. ‘తండ్రి పోయిన దుఃఖం’ అని మొదలుపెడితే వ్యాసం వస్తుంది. పని నుంచి మొదలుపెడితే ఇలా ఉంటుంది:

‘పడుకునే ముందు తన ఫోన్ పక్కన నాన్న ఫోన్ కూడా ఛార్జింగుకు పెట్టాడు. తొంభై శాతం ఉంది. రోజంతా ఎవరూ వాడలేదు. అలారం మోగే వేళ మార్చలేదు, ఐదుంపావు. మోగుతుంది, లేచి ఆపుతాడు, మళ్లీ పడుకుంటాడు.’

ఇందులో దుఃఖం అన్న మాట లేదు, తండ్రి చనిపోయాడని కూడా చెప్పలేదు. ఇప్పుడు దీని చివర ‘కొన్ని బంధాలు మరణంతో తెగవు’ అని రాసి చూడండి. అంతవరకు పాఠకుడు తనంతట తాను తెలుసుకున్నది లాక్కున్నట్టవుతుంది. మాకు వచ్చే రచనల్లో సగానికి సగం చెడేది ఆ ఆఖరి వాక్యం దగ్గరే. రాసిన మర్నాడు చివరి వాక్యం కొట్టేసి చదవండి. నష్టమేమీ కనిపించకపోతే కొట్టేసే ఉంచండి.

ఇంకో రెండు జబ్బులున్నాయి. ఒకటి వర్ణన పోగు: ఎండ, గాలి, వాసన, చప్పుడు అన్నీ పేర్చడం. ఆ మనిషి మాత్రమే గమనించే వివరాలు మూడు చాలు. రెండోది గతం తవ్వడం. ‘పదేళ్ల కిందట’ అని మొదలయ్యే పేరా ఉంటే మీరు కథలోకి వెళ్లిపోయారు. కొన్ని విన్యెట్లను వరసగా పెట్టి ఒక పుస్తకం చేయాలనుకుంటే చోటునో, మనిషినో, వస్తువునో దేన్నయినా ఒకదాన్ని అన్నిట్లోనూ ఉంచండి. లేకపోతే అవి విడి కాగితాల్లాగే మిగులుతాయి.

ప్రశ్న: పిహెచ్‌డి సర్వేలో విన్యెట్లు వాడమని గైడు గారు చెప్పారు. ఎన్ని రాయాలి? ఎలా రాయాలి?

జవాబు: ఇక్కడ విన్యెట్ అంటే జవాబు చెప్పేవారికి చదవనిచ్చే కల్పిత సందర్భం. ‘సెలవు ఇవ్వడంలో మీరు పక్షపాతం చూపిస్తారా’ అని సూటిగా అడిగితే అందరూ లేదనే అంటారు. ఒక ఉద్యోగి సెలవు అడిగిన సందర్భం ఇచ్చి, కొందరికి ఆ ఉద్యోగి పురుషుడుగా, కొందరికి స్త్రీగా చూపిస్తే నిజం కొంత బయటపడుతుంది.

ఎన్ని అన్నది గుణకారం. ఉద్యోగి స్త్రీయా పురుషుడా (2), సెలవుకు కారణం (3), సర్వీసు తక్కువా ఎక్కువా (2) అనుకుంటే 12 రకాలు. ఐదు అంశాలు తీసుకుని ఒక్కోదానికి మూడు స్థాయులు పెడితే 243. విద్యార్థులు ఇక్కడే మునిగిపోతారు. మీ పరికల్పనకు అవసరమైన అంశాలే ఉంచండి. ఎవరికి ఏది వెళ్లాలో లాటరీ పద్ధతిలో కంప్యూటరు తేల్చాలి, మీరు కాదు. ఒక్కొక్కరికి ఐదారుకు మించి ఇస్తే చదవడం మానేసి టిక్కులు పెడతారు.

రాసేటప్పుడు మార్చదలచుకున్న అంశం తప్ప మిగతా పాఠం అక్షరం మారకూడదు. ‘అతను సెలవు అడిగాడు’ అని ఒకదాంట్లో, ‘ఆమె సెలవు కావాలని బతిమాలింది’ అని ఇంకోదాంట్లో రాస్తే మీరు కొలిచేది లింగభేదాన్ని కాదు, బతిమాలడాన్ని. తెలుగులో ఇంకో ఇబ్బంది ఉంది. క్రియలోనే ‘అడిగాడు, అడిగింది, అడిగారు’ అని లింగమూ గౌరవమూ వచ్చేస్తాయి. ఒకరికి ‘డు’, ఒకరికి ‘రు’ పడితే హోదా కూడా మారినట్టే. పేర్లు కులమతాలను సూచిస్తాయి. అది మీ అంశం కాకపోతే పేరు పెట్టకండి. అసంభవమైన జంటల్ని తీసేయండి, ఉదాహరణకు 22 ఏళ్ల వయసు, 20 ఏళ్ల సర్వీసు. 60 నుంచి 120 మాటల్లో ముగించండి.

‘ఏం చేయాలి’ అన్న ప్రశ్నకూ ‘మీరైతే ఏం చేస్తారు’ అన్న ప్రశ్నకూ జవాబులు వేరుగా వస్తాయి. ఏది అడుగుతున్నారో తేల్చుకుని చివరిదాకా అదే ఉంచండి. పదిమందికి ముందుగా ఇచ్చి, చదివింది సొంతమాటల్లో చెప్పమనండి. వాళ్లు చెప్పేదాంట్లో మీ ముఖ్యాంశం లేకపోతే విన్యెట్ తిరగరాయాలి. ఒకే మనిషి ఐదు విన్యెట్లకు జవాబిస్తే అవి ఐదు స్వతంత్ర జవాబులు కావు. విశ్లేషణలో, ఒకే మనిషి జవాబుల మధ్య పోలికను లెక్కలోకి తీసుకునే బహుళస్థాయి నమూనా (మల్టీలెవెల్ మోడల్) వాడాలి. ఇక, కాగితం మీద చెప్పినదీ నిజంగా చేసేదీ ఒకటి కావన్న పరిమితిని థీసిస్‌లో దాచకుండా రాయండి.

వైద్య పరీక్షల్లో రోగి సందర్భం ఇచ్చి అడిగే ప్రశ్ననూ క్లినికల్ విన్యెట్ అంటారు. వయసు, బాధ, ఎన్నాళ్లుగా, పూర్వచరిత్ర, నాడి, బీపీ, పరీక్షలో కనిపించినవి, ల్యాబు ఫలితాలు ఆ వరసలో వస్తాయి. చివరి ప్రశ్నను ముందు చదివి, తర్వాత పైనుంచి చదవడం మంచి అలవాటు.

ప్రశ్న: యూరప్‌లో కారు అద్దెకు తీసుకుని తిరగబోతున్నాం. విన్యెట్ కొన్నారా అని అడుగుతున్నారు. ఏమిటది?

జవాబు: మోటారు రహదారుల మీద నడపడానికి ముందే కట్టే రుసుము. దానికి గుర్తుగా అద్దానికి అంటించే బిళ్లకూ అదే పేరు. స్విట్జర్లాండ్‌లో ఇది 1985 నుంచి ఉంది. 3.5 టన్నుల లోపు బళ్లకు 40 ఫ్రాంకులు. ఒక్కరోజు వెళ్లినా ఏడాదిదే కొనాలి. అది ముందటి ఏడాది డిసెంబరు 1 నుంచి మరుసటి ఏడాది జనవరి 31 దాకా, అంటే 14 నెలలు చెల్లుతుంది. వెనక ట్రైలర్ ఉంటే దానికి వేరే. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైగా విన్యెట్ ధర. 2023 ఆగస్టు నుంచి బిళ్లకు బదులు నంబరు ప్లేటుకు జతయ్యే ఇ-విన్యెట్ కూడా ఇస్తున్నారు.

ఆస్ట్రియాలో ఒక రోజు, పది రోజులు, రెండు నెలలు, ఏడాది అని రకాలున్నాయి. కాని ఇటలీ వైపు వెళ్లే బ్రెన్నర్ దారి వంటి కొన్ని భాగాలకు విన్యెట్ చాలదు, విడిగా టోల్ కట్టాలి. స్లొవేనియా, హంగరీ, చెక్ దేశాల్లో ఇప్పుడంతా నంబరు ప్లేటు మీదే నడుస్తుంది. ఫ్రాన్స్, ఇటలీ మోటారు దారుల్లో విన్యెట్ పద్ధతి లేదు, టోల్ గేట్లుంటాయి.

జరిగే పొరపాట్లు ఇవి. బిళ్లను అంటించకుండా డాష్‌బోర్డు మీద పెట్టడం, టేపుతో అతికించి వేరే కారుకు మార్చడం: రెండూ చెల్లవు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ప్లేటులోని సున్నాకు బదులు ఓ అక్షరం కొట్టడం, బండి ఏ దేశంలో నమోదైందో తప్పుగా ఎంచుకోవడం. అధికారిక సైటు కాని చోట అదనపు రుసుము కట్టడం. అద్దె కారు తీసుకునేటప్పుడు ఏ దేశపు విన్యెట్ ఉంది, ఏ తేదీ దాకా అని అడిగి, దాటబోయే మిగతా సరిహద్దులకు ముందే కొనుక్కోండి. రసీదు ఫోన్‌లో ఉంచండి.

ప్రశ్న: స్టాంపుల క్యాటలాగులో ‘విన్యెట్ తలకిందులు’ అని రాస్తారు. అంటే?

జవాబు: స్టాంపు మధ్యలోని ప్రధాన చిత్రం విన్యెట్, చుట్టూ ధర, దేశం పేరు ఉన్నది ఫ్రేము. రెండు రంగుల స్టాంపులో ఇవి విడివిడిగా రెండుసార్లు అచ్చవుతాయి. రెండోసారి కాగితం తిప్పి పెడితే చిత్రం తలకిందులవుతుంది. 1918 నాటి అమెరికా 24 సెంట్ల ఎయిర్‌మెయిల్ స్టాంపులో ఎర్ర ఫ్రేములో నీలి విమానం అలాగే తిరగబడింది. అలా బయటికొచ్చింది వంద స్టాంపుల షీటు ఒక్కటే. ఒకే రంగులో ఒకేసారి అచ్చయిన స్టాంపులో ఇది జరగదు. అలాంటిదాన్ని ఎవరైనా ‘తలకిందుల విన్యెట్’ అని అమ్మజూపితే కొనకండి.